అమ్మ వినని చోట

బుంతు లెపోంగ్
మే నెలాఖరు

ఒరే ఓబెదూ,

ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడి పెట్టేశానని మూతి ముడుచుకున్నావట, బస్సు డ్రైవర్ దావీదు చెప్పాడు. సిగ్నల్ సరిగ్గా కావాలంటే కొండ నెత్తికెక్కాలి. అక్కడ అరిస్తే గాని నీకు వినపడదు, అరిస్తే కింద ఊరంతా వింటుంది. ఇంట్లో ఒక గీత దొరికినా పక్క గదిలో అమ్మ ఉంది. ఆమె వినేలా ఆమె సంగతి ఎలా మాట్లాడమంటావు? అందుకే ఈ ఉత్తరం. కాఫీ గింజల సంచితో పాటు దావీదుకిచ్చి పంపిస్తున్నాను. సంచి రిబ్కాకివ్వు. ఉత్తరం మాత్రం చూపించకు, పచ్చి బాలింతరాలు, జడుసుకుంటుంది.

అమ్మ దక్షిణపు గదిలో తల పడమరకి పెట్టుకుని ఉంది. ఊపిరి ఆగిన రోజు ఎలా పడుకోబెట్టామో అలాగే. బలికి దున్నలు సమకూరి, కర్మ జరిగి, తల దక్షిణానికి తిప్పే దాకా ఆమెకి ఒంట్లో బాగాలేదనే అంటాం కదా, అలాగే అంటున్నాం. పొద్దున్నే కాఫీ, తమలపాకు, మధ్యాహ్నం ఎర్రబియ్యం అన్నం పెడుతున్నాను. "అమ్మా, లోపలికొస్తున్నా" అని చెప్పి గాని గుమ్మం దాటను. నాన్న మాత్రం ఆ గుమ్మం తొక్కడమే లేదు. గుంజల మీద లేపిన ధాన్యపు గాదె కింద అరుగు మీదే పడక, అక్కడే తిండి, అక్కడే పొగాకు. భయపడ్డాడో, అలిగాడో తెలియదు. అడిగితే దగ్గుతాడు.

ఈ మహమ్మారి టీకా రెండో సూది వేయించుకొచ్చిన నాడు అమ్మకి చెయ్యి వాచింది, ఒళ్ళు కాలిపోయింది. నా మణికట్టు పట్టుకుని, "లుదియా, నా ఒంట్లో ఇంకో సూది దిగకూడదే. మాటివ్వు" అంది. ఇచ్చాను. జ్వరం తగ్గి లేచి తిరిగింది కూడా. ఆ తర్వాత వారమో ఏమో, కాఫీ గింజలు ఆరబోస్తూ ఆ చాప మీదే ఒరిగిపోయింది. దేహం నిలవుండే మందు ఎక్కిస్తానని నర్సు హెర్లినా వచ్చింది. అందరికీ చేసేదే. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. అమ్మ వింటుందని గొంతు తగ్గించి, "మీ సూది చేసింది చాలు, ఇంకోటి దించనివ్వను" అన్నాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. పాతకాలం పద్ధతిలో టీ ఆకు పరిచి, గుడ్డలు చుట్టి ఊరుకున్నాను.

వారం తిరిగేసరికి ఇల్లంతా వాసన వస్తుందని ఊరు కాచుకు కూర్చుంది. రాలేదు. నెల దాటింది, ఇంకా రాలేదు. ముఖం నిన్న పడుకున్న మనిషి ముఖంలా ఉంది. పక్కింటి సంపే పిన్ని తమలపాకులిచ్చే వంకన రోజూ వచ్చి, గదిలో ముక్కు ఎగబీల్చి చూసి పోతోంది. "మందు ఎక్కించకుండా మనిషి ఇలా ఉండదే. ఆ టీకాలోనే ఏదో ఉంది" అంటోంది. గడప దాటాకే అంటోందిలే, లోపల అనదు.

ఇంకొకటి. పొద్దున నేను ఊట నీళ్ళు పట్టుకుని, పందులకి కుడితి పోసి వచ్చేసరికి అమ్మ జుట్టు దువ్వి ఉంటోంది. ముడి ఎడమ పక్కకి ఉంటోంది. నేనెప్పుడూ తల వెనకాల మధ్యలో వేస్తాను. మొదటిసారి నేనే మర్చిపోయాననుకున్నాను.

మనవణ్ణి చూద్దువుగాని రమ్మని నువ్వు పిలవకపోతే ఆమె ప్రయాణం పెట్టుకునేది కాదు. బస్సెక్కాలంటే కార్డు, కార్డు కావాలంటే సూది. కోపమొచ్చి రాసేస్తున్నాను. కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

మీ అక్క
లుదియా

*

మకస్సర్
జూన్

అక్కా,

ఉత్తరం షెడ్డు వెనకాల పాత టైర్ల మీద కూర్చుని చదివాను. తిట్టావు, సరే. పిలిచింది నేనే. జబ్బు పాకుతుందని పండగకి బస్సులు ఆపేసి దారులు మూసేస్తే అమ్మ ముఖమైనా చూడలేకపోయిందీ నేనే. నాకింకా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఉత్తరం ముక్క రాయడానికి చెయ్యి రాదేంరా నీకు అని సాధిస్తున్నట్టే ఉంది.

కానీ టీకా నేనూ వేయించుకున్నానక్కా. చెయ్యి ఎత్తలేకపోయాను, ఒక రోజు దుప్పటి కప్పుకుని వణికాను, నర్సునీ దొరల్నీ కలిపి తిట్టాను. మర్నాడు లేచి బైకులు బాగుచేసుకున్నాను. ఇక్కడ వేయించుకోనివాళ్ళ సంగతి చూస్తున్నాను. మా షెడ్డులో యూలియస్ నాకంటే చిన్నవాడు. పోదాం రారా అంటే, పిల్లలు పుట్టరటగా అని నవ్వాడు. తర్వాత దగ్గు పట్టుకుంది, ఆ పైవారానికి లేడు. వాడూ మన కొండవాడే. వాళ్ళమ్మ ఇంట్లో గది కడిగి, పరుపేసి, కాఫీ కాచుకుని కూర్చుంది. ఇక్కడి ఆస్పత్రివాళ్ళు వాణ్ణి ప్లాస్టిక్‌లో చుట్టి, ఇంటికి పంపకుండా, ఆ పూటే ఊరవతల పూడ్చేశారు. ఆ ముసలావిడ ఇప్పటికీ ఆ గది తుడుస్తోందట.

నాన్నకి ఊపిరితిత్తులు ముందే అంతంత మాత్రం. ఇన్నేళ్ళ పొగాకు, ఇన్నేళ్ళ పొయ్యి పొగ. ఆయనకి టీకా వేయించక్కా. నా మీద కోపం నా మీదే ఉంచు, నాన్న మీద పెట్టకు. ఇద్దరినీ పోగొట్టుకుంటే నేను బతకలేను.

జుట్టు సంగతి చదివాక ఇంట్లో లైటు తీయబుద్ధి కాలేదు. చలి వల్ల దేహం నిలిచిందనుకుందాం. ముడి ఎవరు వేస్తారు?

బుడ్డోడి ఫోటో పంపిస్తున్నాను. అమ్మకి కనబడేలా పెట్టు.

ఓబెద్

*

బుంతు లెపోంగ్
జులై

ఓబెదూ,

ఫోటో కిటికీ చెక్క మీద పెట్టి, "నీ మనవడమ్మా, ముక్కు మన వాళ్ళదే" అని చెప్పాను. మర్నాడు పొద్దున నీళ్ళు తెచ్చి చూస్తే ఫోటో అమ్మ అరచేతి కింద ఉంది. బిందె అక్కడే దించేసి బయటికొచ్చి కూర్చున్నాను. నాన్న గాదె కింద నుంచి, "ఏమైందే" అన్నాడు. ఏం లేదన్నాను. ఆయన ఊపిరి అసలే అంతంత మాత్రం, ఇదొకటి ఎందుకని.

టీకా వాళ్ళు వచ్చారు. చర్చి ముందు బల్ల వేసుకుని, మైకులో పిలిచి పిలిచి హెర్లినా గొంతు పోయింది. ఊళ్ళో ఒక్క తలుపు తీస్తే ఒట్టు. మన ఇంటికి కూడా వచ్చింది. "అయ్యగారు ఉన్నారా అక్కా? ఆయనకైనా వేస్తాను" అంది. పొలానికి పోయాడని చెప్పి పంపేశాను. కోప్పడకు. ఇంట్లో అమ్మ ఉండగా ఇంకో మనిషికి సూది వేయించే ధైర్యం నాకు లేదు. ఆ పిల్ల మన గుమ్మం వైపు అదోలా చూసి, ఏదో అనబోయి మానేసింది.

ఊళ్ళో జనం ఏమంటున్నారో వింటే నీ చదువు మర్చిపోతావు. సూది వేయించుకున్నవాళ్ళు పోయినా చెడరట. చెడకపోతే పూర్వీకులు తమవాళ్ళని గుర్తుపట్టరట, పోయినవాళ్ళు దారిలోనే ఉండిపోతారట. బడి పంతులు ఎప్పుడో వేయించుకున్నాడు కదా, వాళ్ళావిడ రోజూ పొద్దున్నే ఆయన చంకలు వాసన చూస్తోందట, చెమట కంపు కొడుతోందా లేదా అని. కొట్టిన రోజు సంతోషపడి ఆమ్లెట్ వేస్తుందట. మొదట నేనూ నవ్వాను.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. నిన్న మొదటిసారి అమ్మకి చుట్టిన గుడ్డలు విప్పి మార్చాను. పక్కటెముకల కింద ఒక సూది గుర్తు ఉంది. తొడ దగ్గర ఇంకొకటి. టీకా వేసింది భుజానికి కదా? రెండుసార్లూ నేనే పక్కన ఉన్నాను. సంపే పిన్ని నాకు చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ ఆ గుర్తులు చూసింది. పొద్దుగూకే లోపల ఊరంతా పాకింది, సూది ఆమె ఒంట్లో నడుస్తోందని. పిల్లల్ని మన వాకిట్లో ఆడుకోనివ్వడం లేదు.

నాకు ఇల్లంటే భయం వేస్తోందిరా. మన అమ్మ అంటే నాకు భయం వేయడమేమిటి?

లుదియా

*

మకస్సర్
జులై

అక్కా,

ఈ ఉత్తరం ఇంట్లో చదవకు. పొలం గట్టుకి తీసుకుపో.

పక్కటెముకల కింద, తొడ దగ్గర అన్నావు. రిబ్కా వాళ్ళ తాతకి ఒంట్లో బాగాలేనప్పుడు, అంటే నీకు తెలుసుగా, ఆ మందు ఎక్కించడం నేను దగ్గరుండి చూశాను. సరిగ్గా ఆ చోట్లే పొడిచారు. అది టీకా నడవడం కాదు. నీకు తెలియకుండా ఎవరో అమ్మకి మందు ఎక్కించారు. అందుకే ఆమె చెడలేదు. ఊరు ఊరంతా దాన్ని చూసి టీకాకి జడుసుకుని కూర్చుంది.

హెర్లినాని అడుగు. నాన్ననీ అడుగు. అమ్మ వినని చోటికి తీసుకెళ్ళి అడుగు. మనం ఇన్నాళ్ళూ ఒకరినొకరు ఒక్క మాటైనా అడుక్కున్నామా చెప్పు? ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరవరు.

నాన్నని దాచకక్కా. పొలానికి పోయాడని ఇంకోసారి చెప్పకు. ఇక్కడ అంబులెన్సు కూత ఆగడం లేదు. కొండకి రావడానికి ఈ జబ్బుకి బస్సు టికెట్ అక్కర్లేదు.

ఓబెద్

*

బుంతు లెపోంగ్
ఆగస్టు

ఓబెదూ,

అడుగుదామని నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో పొద్దున కాఫీ ఇస్తే నాన్న కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవేం నీళ్ళే" అన్నాడు. వాసన తెలియడం లేదట. కల్లు పోసి ఇచ్చాను, అదీ నీళ్ళలాగే ఉందన్నాడు. ఇప్పుడు మాట మాటకీ ఆయాసం వస్తోంది. రేపు కింద ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ప్రార్థన చెయ్యి.

లుదియా

*

మకస్సర్
ఆగస్టు

అక్కా,

కూపన్లు, పరీక్షలు, ఇంకేవో అంటున్నారు, ఏ బస్సూ ఎక్కించుకోవడం లేదు. నువ్వు ఆస్పత్రి గేటు వదలకు. ఏదైనా అయితే నాన్నని ఇంటికి పంపమని కాళ్ళు పట్టుకో. ప్లాస్టిక్ వద్దని చెప్పు. మన కొండవాళ్ళమని చెప్పు.

ఓబెద్

*

బుంతు లెపోంగ్
సెప్టెంబరు

ఓబెదూ,

నీకు కబురు ముందే చేరింది. ఎలా జరిగిందో నేనే రాయాలి కాబట్టి రాస్తున్నాను.

దావీదు వాళ్ళ తమ్ముడి పికప్‌లో వెనకాల పరుపేసి నాన్నని పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో ఉంది. చర్చి మలుపు తిరిగి మన ఇంటి కప్పు కొస కనుమరుగవగానే ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇక మీ అమ్మకి వినపడదుగా?" అన్నాడు.

"వినపడదు నాన్నా."

"ఆమెకి గుండెల్లో నొప్పి కోతల ముందు నుంచీ ఉంది. చాట కింద పెట్టేసి రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయేది. నీకు తెలిస్తే మకస్సర్ పోనివ్వవని నా చేత ఒట్టేయించుకుంది. టీకా దగ్గర అడిగారు, నొప్పులేమైనా ఉన్నాయా అని. నా వైపొకసారి గుడ్లురిమి చూసి, లేవంది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎక్కడ చెప్పను? ఇంట్లో ఆమె ఉందాయె. నువ్వేమో ఊట దాకా తప్ప ఇల్లు కదలవాయె."

ఆ తర్వాత మందు సంగతి చెప్పాడు. నేను అమ్మ కబురు చెప్పడానికి అవతలి కొండ మీద పెదనాన్న ఇంటికి వెళ్ళిన పూట హెర్లినాని పిలిపించాడట. ఎవరికీ చెప్పనని ఆ పిల్ల చేత ప్రమాణం చేయించాడట. ఊరంతా తలుపులు మూసి తిడుతుంటే కూడా ఆ పిల్ల నోరు విప్పలేదు చూడు. "అమ్మకి మాటిచ్చాను కదా నాన్నా" అన్నాను. "నువ్విచ్చావు. నన్ను అడగలేదు ఆమె. ఆ ముఖం నా కళ్ళ ముందే పాడైపోతుంటే గాదె కింద కూర్చుని చూడమంటావా?" అన్నాడు.

జుట్టు కూడా ఆయనేరా. నేను ఊటకి పోగానే లోపలికి పోయేవాడట. "పెళ్ళయిన కొత్తల్లో ఎడమ పక్కకి వేసుకునేది. నువ్వు మధ్యలో వేస్తుంటే చూడబుద్ధి కాలేదు" అన్నాడు. ఫోటో చేతి కింద పెట్టిందీ ఆయనే. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

టీకా వాళ్ళు వచ్చిన రోజు గాదె వెనకాలే ఉన్నాడట. "పొలానికి పోయాడన్నావు, విన్నాను. బయటికొస్తే నన్ను చూసి ఆ పిల్ల నోరు జారుతుందేమోనని ఊరుకున్నాను. లేకపోతే వేయించుకుందామనే అనుకున్నాను. బుడ్డోణ్ణి చూడాలిగా" అన్నాడు. నేను ఆయన తల నిమురుతూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి ఆయన పాదాలే కనబడ్డాయి. మూడో పొద్దున పిలిచి సంతకం పెట్టమన్నారు. కాళ్ళు పట్టుకున్నాను, నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఆ కుర్రాడు కూడా మనవాడే, ముసుగు లోపల ఏడుస్తూనే వద్దన్నాడు. ప్లాస్టిక్, పెట్టె, జేసీబీ తవ్విన గుంట. నా చేతికి చెప్పులూ పొగాకు సంచీ ఇచ్చారు. మన నాన్నని ఒక్క పూటైనా జబ్బుగా ఉండనివ్వలేదురా. ఒక్క కప్పు కాఫీ పెట్టనివ్వలేదు.

ఇంటికొచ్చి అమ్మకి ఏం చెప్పాలో తెలియక, పొలానికి పోయాడని చెప్పాను.

లుదియా

*

మకస్సర్
అక్టోబరు

అక్కా,

నాన్న ఎక్కడున్నాడక్కా?

మట్టిలో అంటారు. కానీ కర్మ జరగలేదు, తల తిప్పలేదు, ఒక్క దున్న పడలేదు. మన లెక్కన ఆయనకింకా ఒంట్లో బాగాలేనట్టే. బాగాలేని మనిషికి గది ఏది? కాఫీ ఎవరిస్తున్నారు? యూలియస్ వాళ్ళమ్మ రోజూ గది ఎందుకు తుడుస్తుందో ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని మూడుసార్లు కాగితం చింపాను. పోయిన ఆదివారం నుంచి మా ఇంట్లో పొగాకు వాసన వస్తోంది. నేను తాగను, రిబ్కా తాగదు, ఇరుగుపొరుగూ తాగరు. ఉయ్యాల దగ్గర మరీ ఎక్కువ. రిబ్కా ఏమీ అడగలేదు, ఉయ్యాల పక్కన ఒక పీట వేసి పెట్టింది. మనవణ్ణి చూడటానికి వచ్చి ఉంటే సంతోషమే. కానీ ఆయనకి ఈ ఊరు తెలియదక్కా. సందు చివరికి వెళితే ఇల్లు కనుక్కోలేడు.

ఆయన్ని ఇంటికి పిలువు. అమ్మ పక్కన చోటు చెయ్యి.

టీకా గురించి ఇక నేను నోరెత్తను. ఇద్దరినీ నీ ఒక్కదాని చేతుల్లో పెట్టి ఇక్కడ కూర్చున్నవాణ్ణి, నీకు చెప్పే మొహం నాకు లేదు. నువ్వుంటే చాలు.

ఓబెద్

*

బుంతు లెపోంగ్
అక్టోబరు చివర

ఓబెదూ,

నీ ఉత్తరం ఈసారి ఇంట్లోనే చదివాను. అమ్మ గదిలో, పైకి.

తర్వాత ఆమె పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. నీ గుండె నొప్పి నాకు తెలిసిందమ్మా, దాచినందుకు నీ మీద కోపంగా ఉంది అన్నాను. నీకిచ్చిన మాట నాన్న తప్పించాడు, నీ ముఖం కోసమే తప్పించాడు అన్నాను. నాన్న పొలానికి పోలేదు అన్నాను. అంతవరకూ ఎవరూ ఆ గదిలో అలాంటి మాటలు అనలేదు. ఏం జరుగుతుందోనని ఆమె ముఖమే చూశాను. ఏం జరగలేదు. బయట పందులు అరిచాయి, అంతే.

సంపే పిన్ని గుమ్మంలో నిలబడి విన్నది. నేను ఎవరికీ చాటాల్సిన పని లేకపోయింది.

మర్నాడు హెర్లినాకి కబురు చేశాను. వాకిలి నిండా జనం నిలబడ్డారు, ఎవరూ దగ్గరికి రాలేదు. ఆ పిల్లని లోపలికి తీసుకొచ్చి, అమ్మ పక్కన కూర్చుని రవిక చెయ్యి పైకి జరిపాను. హెర్లినా ఒకటికి రెండుసార్లు అమ్మ వైపు చూసింది. "మా అమ్మ చూస్తోంది, సరిగ్గా వెయ్యి" అన్నాను. ఇన్నాళ్ళకి ఆ పిల్ల నవ్వింది.

మధ్యాహ్నానికి ఒళ్ళు కాలింది. అమ్మకి ఒక పక్క నా చాప వేసుకుని పడుకున్నాను. రెండో పక్క నాన్న చాప ఉంది. నీ ఉత్తరం అందిన రోజే వేశాను, పంచె మడిచి, పొగాకు సంచి దిండు దగ్గర పెట్టాను. పొద్దునా సాయంత్రం రెండు కప్పుల కాఫీ పోసి, "నాన్నా, ఇల్లు ఇదే, రా" అంటున్నాను.

సాయంత్రం సంపే పిన్ని వచ్చింది. కళ్ళు మూసుకుని పడి ఉన్న నన్ను చూసి, నెమ్మదిగా పక్కన కూర్చుని, అమ్మతో మాట్లాడినట్టే, "నీక్కూడా కాఫీ తెచ్చానే లుదియా, ఎప్పుడు తాగాలనిపిస్తే అప్పుడే తాగు" అంది. నేనూ అమ్మలాగే అయిపోయాననుకుంది. "ఇప్పుడే తాగుతా, ఇలా ఇవ్వు" అన్నాను. కప్పు నా మీదే ఒలకబోసి కెవ్వుమంది. వాకిట్లో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. తర్వాత అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ ఒక్క క్షణం, నేను ఏ పక్క ఉన్నానో నాకే తెలియలేదు.

ఈ పొద్దున జ్వరం దిగింది. పిన్ని వాకిట్లో నిలబడి, హెర్లినా మళ్ళీ ఎప్పుడొస్తుందే అని అడిగింది, తనకి కాదు, ఊరికే అన్నట్టు.

నేను లేచి ఊటకి పోయి వచ్చాను. అమ్మ జుట్టు దువ్వి ఉంది. ముడి ఎడమ పక్కకి ఉంది. జ్వరం మత్తులో నేనే వేశానేమోనని దువ్వెన కోసం నా చాపంతా దులిపాను. అది నాన్న చాప మీద ఉంది, పొగాకు సంచి పక్కన. ఆయన కాఫీ కప్పు సగం ఖాళీ అయింది. గదంతా ఆయన పొగాకు వాసన.

నాకు భయం వేయలేదురా. మీ ఇంట్లో వాసన పోయి ఉంటుంది, చూడు. నాన్న ఇల్లు చేరాడు. ఇక బుడ్డోణ్ణి తీసుకుని నువ్వు రా.

మీ అక్క
లుదియా